ఫ్యాన్ పెంచడమా, వేడి తగ్గించడమా: చప్పుడు లేని కంప్యూటర్ వెనక చరిత్ర

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, ఇంట్లో పెట్టుకోవడానికి ఒక మంచి పీసీ చెప్పు. వేడెక్కొద్దు, చప్పుడు రావొద్దు."

ఇది షోకు కోసం అడిగే ప్రశ్న అనుకోకండి. మా యాలాల్‌లో గానీ, తాండూరులో గానీ, చాలా ఇళ్ళల్లో కంప్యూటర్‌కి వేరే గది ఉండదు. ఇంట్లోవాళ్ళు పడుకునే గదిలోనే ఒక మూలకి టేబుల్ వేస్తాం. మీరు రాత్రి గేట్‌కి చదువుతున్నా, ఇంటి నుంచి యూఎస్ షిఫ్ట్ చేస్తున్నా, ఆ డబ్బా బుర్రుమని మోగుతుంటే అమ్మానాన్నలకి నిద్ర ఉండదు. పొద్దున్నే లేచి పనికి పోవాల్సింది వాళ్ళు. అందుకని ఈ విషయం కొంచెం సీరియస్‌గా మాట్లాడుకుందాం.

పార్ట్స్ లిస్ట్ చెప్పేస్తే అయిదు నిమిషాల్లో వీడియో అయిపోతుంది, కానీ ఆ లిస్ట్ ఆరు నెలల్లో పాతదైపోతుంది. దాని బదులు కంప్యూటర్‌కీ వేడికీ మధ్య 80 ఏళ్ళుగా ఏం జరిగిందో తెలిస్తే, ఏ సంవత్సరం కొన్నా, ఏది కొనాలో మీకే అర్థమవుతుంది.

మొదట గదినే చల్లబరిచారు

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని లోకానికి చూపించారు. దాంట్లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు. కరెంటు దాదాపు 150 కిలోవాట్లు తాగేది. మన ఇంట్లో ఉండే 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెలు 150 ఒకే హాల్లో ఆన్ చేసి పెట్టినట్టన్నమాట. ఆ వేడిని బయటికి తోయడానికి పెద్ద పెద్ద బ్లోయర్లు పెట్టారు. ఇంట్లో కంప్యూటర్ అనే ఆలోచనకే అప్పుడు చోటు లేదు.

మన దగ్గర చూస్తే, ముంబైలోని టీఐఎఫ్ఆర్ 1960 నాటికి టిఫ్రాక్ అనే కంప్యూటర్‌ని సొంతంగా కట్టుకుంది. అదీ వాక్యూమ్ ట్యూబుల మెషీనే. ఆ తర్వాత కథ హైదరాబాద్‌కి వస్తుంది. 1967లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఏ.ఎస్. రావు, అంటే అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన మనిషి. ఆయన పేరు మీదే హైదరాబాద్‌లో ఏ.ఎస్. రావు నగర్ ఉంది. 1960ల చివర్లో ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 వచ్చింది, ఆ తర్వాత 1970లలో టీడీసీ-316. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఇవి ట్యూబుల కాలం దాటి వచ్చిన మెషీన్లు. ట్యూబ్ పని చేయాలంటే ముందు దాని లోపలి ఫిలమెంట్ ఎర్రగా కాలాలి. ట్రాన్సిస్టర్‌కి ఆ అవసరమే లేదు. అంటే వేడి మీద మొదటి పెద్ద గెలుపు బ్లోయర్‌ది కాదు, ట్రాన్సిస్టర్‌ది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

అయినా ఆ రోజుల్లో కంప్యూటర్ గదికి ఏసీ తప్పనిసరి. ఆ అలవాటు చాలాకాలం పోలేదు. 1990లలో మన ఊళ్ళల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి పోయినవాళ్ళని అడగండి. అద్దాల తలుపు, లోపల ఏసీ, బయట చెప్పుల కుప్ప. చెప్పులు విప్పించేది భక్తితో కాదు, దుమ్ము కోసం.

ఒకే కంపెనీ, రెండు కంప్యూటర్లు

1977లో ఆపిల్ 2 వచ్చింది. ఇంట్లో వాడే వస్తువులో ఫ్యాన్ మోగకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుదల. మాట అనేసి ఊరుకుంటే ఫ్యాన్ పోదు కదా. రాడ్ హోల్ట్ అనే ఇంజినీర్ దానికి స్విచింగ్ పవర్ సప్లై డిజైన్ చేశాడు. పాత రకం పవర్ సప్లైలు చాలా కరెంటుని వేడిగా వృథా చేసేవి. ఇది తక్కువ వేడెక్కేది. అందుకే ఫ్యాన్ లేకుండా నడిచింది.

1980లో అదే కంపెనీ ఆపిల్ 3 తెచ్చింది. దీంట్లోనూ ఫ్యాన్ వద్దన్నారు. కానీ ఈసారి లోపల సరుకు ఎక్కువ, గాలి పోయే దారి తక్కువ. చిప్పులు సాకెట్లలోంచి లూజ్ అయ్యేవి. అలా అయితే కంప్యూటర్‌ని కొన్ని అంగుళాలు పైకెత్తి టేబుల్ మీద వదిలేయమని సలహా ఇచ్చారంటే పరిస్థితి ఊహించుకోండి. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్ళకి ఆ సలహా!

రెండింట్లోనూ ఫ్యాన్ లేదు. మొదటిదాంట్లో వేడి తగ్గించి ఫ్యాన్ తీశారు. రెండోదాంట్లో వేడిని అలాగే ఉంచి ఫ్యాన్ తీశారు. ఈ రోజు పీసీ కొనే ప్రతి ఒక్కరూ ఈ రెండిట్లో ఏదో ఒక దారిలోనే పోతారు.

ఫ్యాన్లు పెరిగిన కాలం

1981 ఐబీఎం పీసీలో ప్రాసెసర్ మీద ఏమీ ఉండదు, ఉత్త చిప్పే. పవర్ సప్లైలో ఒక ఫ్యాన్, అంతే. 1993లో పెంటియం వచ్చేసరికి చిప్ మీద హీట్‌సింక్, దాని మీద ఫ్యాన్ మామూలైపోయింది.

అప్పటిదాకా ఒక లెక్క ఇంజినీర్లని కాపాడింది. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1974లో తన టీమ్‌తో కలిసి చూపించింది ఏంటంటే, ట్రాన్సిస్టర్‌ని చిన్నది చేస్తూ వోల్టేజ్ కూడా అదే పాళ్ళలో తగ్గిస్తే, అదే చోటులో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పట్టించినా వేడి పెరగదు. ఎందుకంటే చిప్ తినే పవర్ వోల్టేజ్ వర్గంతో పాటు మారుతుంది. వోల్టేజ్ సగమైతే ఆ పవర్ నాలుగో వంతు అవుతుంది.

2000 నవంబర్‌లో పెంటియం 4 వచ్చింది. ఆ డిజైన్‌తో 10 గిగాహెర్ట్జ్ దాకా పోతామని ఇంటెల్ ఆశ పెట్టుకుంది. కానీ ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవయ్యాక ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కరెంటు లీక్ అవడం ఎక్కువైంది, వోల్టేజ్ ఇక పెద్దగా తగ్గట్లేదు. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4లు 100 వాట్లు దాటాయి. అదే ఏడాది అక్టోబర్‌లో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని ఇంటెల్ రద్దు చేసుకుంది. ఆ కాలం పీసీల చప్పుడు గుర్తున్నవాళ్ళు మీ ఇంట్లో ఉంటే అడగండి, హెయిర్ డ్రయర్‌తో పోలుస్తారు.

మరి దారి ఎక్కడ దొరికింది? లాప్‌టాప్ వాళ్ళ దగ్గర. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉన్న ఇంటెల్ టీమ్ 2003లో లాప్‌టాప్‌ల కోసం పెంటియం ఎమ్ చేసింది. బ్యాటరీ మీద నడవాలి కాబట్టి వాళ్ళకి ప్రతి వాటూ లెక్కే. ఆ ఆలోచన నుంచే 2006లో కోర్ 2 డుయో వచ్చింది. 65 వాట్లలోనే పెంటియం 4ని దాటేసింది. 2020లో ఆపిల్ ఎమ్1తో మళ్ళీ అదే జరిగింది. ఈసారి ఆలోచన ఫోన్ చిప్పుల నుంచి వచ్చింది, మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేకుండా పోయింది. ఇప్పుడు మీరు ఈ వీడియో చూస్తున్న ఫోన్ కూడా చప్పుడు లేని కంప్యూటరే. బైక్ మీద ఎండలో మ్యాప్ పెట్టుకుంటే అది స్లో అవుతుంది చూడండి, ఫ్యాన్ లేదు కాబట్టి పని తగ్గించుకుని వేడి తగ్గించుకుంటోంది.

అయితే పాఠం అందరూ గుర్తుపెట్టుకోలేదు. 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కె గరిష్ఠంగా 253 వాట్ల దాకా తీసుకుంటుంది. అంత వేడిని తీయాలంటే మళ్ళీ అదే హోరు.

తాండూరు లెక్క వేరు

యూట్యూబ్‌లో విదేశీ రివ్యూలు చూసి కొనేవాళ్ళు ఇక్కడ ఆగండి. చిప్ వేడి అంటే గది వేడి ప్లస్ చిప్ తెచ్చుకున్న వేడి. ఒక చిప్ గది కన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది అనుకుందాం. వాళ్ళ గదిలో 22 డిగ్రీలు, కాబట్టి 67 చూపిస్తుంది. మే నెలలో మన స్లాబ్ ఇంట్లో 37 ఉందనుకోండి, అదే చిప్ 82కి పోతుంది. ఫ్యాన్ స్పీడ్ దానంతటదే పెరుగుతుంది. అక్కడ సైలెంట్ అన్న పీసీ ఇక్కడ మోగుతుంది. రివ్యూలో తప్పు లేదు, ఎండ తేడా.

ఇంకోటి దుమ్ము. తాండూరు అంటేనే బండలు, సిమెంట్. పాలిషింగ్ యూనిట్లు, లారీలు తిరిగే రోడ్ల పక్కన ఉన్న ఇళ్ళల్లో హీట్‌సింక్ రేకుల మధ్య తెల్లటి దుమ్ము పేరుకుంటుంది. గాలి ఆడకపోతే వేడి, వేడికి ఫ్యాన్ స్పీడ్, స్పీడ్‌కి ఇంకా ఎక్కువ దుమ్ము. నెల తర్వాత ఫిల్టర్ తీసి చూస్తే, కంప్యూటర్‌తో పాటు మనం ఏం పీలుస్తున్నామో కూడా తెలుస్తుంది.

మన బండ మీద వట్టి కాళ్ళతో నిలబడితే చల్లగా ఉంటుంది కదా. ఆ బండ పాదంలోంచి వేడిని గబగబా లాగేసుకుంటుంది, అందుకే చల్లదనం. ఒకే చోట చాలాసేపు కూర్చుంటే ఆ చోటు వెచ్చబడుతుంది. హీట్‌సింక్ కూడా అంతే. అది వేడిని చిప్ నుంచి లాగుతుంది, మాయం చేయదు. దాన్ని గాలి మోసుకుపోవాలి.

మరి ఏం కొనాలి

ముందు వాట్లు చూడండి, ఆ తర్వాతే గిగాహెర్ట్జ్. చదువుకి, కోడింగ్‌కి 65 వాట్ల తరగతి ప్రాసెసర్, దాంట్లోనే ఉన్న గ్రాఫిక్స్ చాలు. గేమింగ్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డ్ వద్దు, ఒక వేడి పొయ్యి తగ్గుతుంది. పెద్ద ప్రాసెసర్ ఇప్పటికే ఉంటే బయోస్‌లో పవర్ లిమిట్ తగ్గించండి. వాట్లు బాగా తగ్గినా స్పీడ్ తగ్గేది కొంచెమే.

ఫ్యాన్లు పెద్దవి తీసుకుని మెల్లగా తిప్పండి. పెద్ద కూలర్ లోలో పెడితే గది అంతా గాలి, చిన్న టేబుల్ ఫ్యాన్ ఫుల్‌లో పెడితే చెవులు గింగురు. ఇదీ అంతే. ఒక ఫ్యాన్ స్పీడ్ సగం చేస్తే గాలి సగమవుతుంది, కానీ చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ముందువైపు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఫిల్టర్‌తో, వెనక ఒకటి. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెడితే టకటక చప్పుడే ఉండదు. సీపీయూ డబ్బాని నేల మీద పెట్టొద్దు, గోడకి జానెడు ఎడం ఉంచండి, చెక్క అల్మరాలో మూసి పెట్టొద్దు. కూలర్ నీటి తుంపరలకి ఎదురుగా అసలే వద్దు. నెలకోసారి ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

ఇంకో లాభం కూడా ఉంది. తక్కువ వాట్ల పీసీ అయితే కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్ ఎక్కువసేపు ఆపుతుంది. పరీక్ష సబ్మిట్ చేసే టైమ్‌లో ఆ నాలుగు నిమిషాల విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

షాపులో "ఆరు ఫ్యాన్లు ఉన్నాయి, లైట్లు కూడా వెలుగుతాయి, చాలా కూల్" అని చెప్తే, ఒక్కటే అడగండి: "అన్నా, అసలు ఇది ఎన్ని వాట్లు తింటది?" ఫ్యాన్ల సంఖ్య కన్నా మీకు పనికొచ్చేది ఆ జవాబే.

ఇదీ ఈ రోజు ఎపిసోడ్. ఇంట్లో పాత పెంటియం 4 ఏదైనా ఇంకా మూలన పడి ఉంటే, దాని హీట్‌సింక్ ఒకసారి విప్పి చూడండి, చరిత్ర చేతికే తగులుతుంది. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.