రంగం నూనె, కార్గిల్ దొర కంపెనీ

మన కోస్తా జిల్లాల పెద్దలకు రంగూన్ అంటే రంగమే. "రంగం వెళ్ళాడు" అంటే కూలికి ఓడెక్కాడని అర్థం. మన ఇళ్ళలో బుడ్డిదీపాలు వెలిగించిన కిరసనాయిలు కూడా చాలాకాలం ఆ రంగం నుంచే వచ్చింది. ఆ నూనె కంపెనీని స్థాపించిన డేవిడ్ సైమ్ కార్గిల్ పేరు మాత్రం మన సభ్యులలో ఎక్కువమంది విని ఉండరు. (యుద్ధం జరిగిన కార్గిల్‌కూ ఈయనకూ సంబంధం లేదు.)

కార్గిల్ 1826లో స్కాట్లండ్‌లో జన్మించారు. సింహళంలో వర్తకం చేసి గడించారు. ఆయన పేరు మీద అక్కడ వెలసిన దుకాణాలు నేటికీ నడుస్తున్నాయి. నూనె వ్యవహారం ఆయనకు తెలిసిన విద్య కాదు. అయినా 1871లో పెట్టి, నిలదొక్కుకోలేక తడబడుతున్న రంగూన్ ఆయిల్ కంపెనీని 1876లో కొన్నారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. ఆ వయస్సుకు మనమంతా పెన్షను లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాం!

అప్పటికి నూనె బావులున్న ఎగువ బర్మా అక్కడి రాజుగారి ఏలుబడిలో ఉండేది. యెనాంజాంగ్‌లో వంశపారంపర్య హక్కుదారులైన కుటుంబాలవారు చేతితో బావులు తవ్వించేవారు. మనిషిని తాడు కట్టి దించితే, లోపలి విషవాయువుకు ఎక్కువసేపు నిలవలేక పైకి వచ్చేయవలసిందే. తోడిన నూనెను కుండలకెత్తి, ఎడ్లబండ్ల మీద ఐరావతి ఒడ్డుకు చేర్చి, పడవలలో రంగం పంపేవారు.

1885లో యుద్ధం వచ్చింది. 1886 జనవరి 1న ఎగువ బర్మాను ఆంగ్లేయులు కలుపుకున్నారు. అదే సంవత్సరం కార్గిల్ గ్లాస్గోలో బర్మా ఆయిల్ కంపెనీని రిజిస్టరు చేయించారు. ఇది కాకతాళీయమని నేననుకోను. కొద్ది ఏళ్ళలోనే అమెరికా పనివాళ్ళను రప్పించి యంత్రాలతో బావులు వేయించారు. రాక్‌ఫెల్లర్ గారి స్టాండర్డ్ ఆయిల్‌కు లొంగకుండా నిలబడిన స్వతంత్ర కంపెనీ అని దీనికి పేరు. నిజమే, కాని ఆ స్టాండర్డ్ ఆయిల్‌ను బర్మాలో అడుగు పెట్టనివ్వనిది భారత ప్రభుత్వం. ఫైళ్ళ మధ్య జీవితం గడిపినవాడిని గనుక, ఆ స్వతంత్రంలో సర్కారు సంతకం పాలెంతో నాకు కనబడుతూనే ఉంటుంది.

కార్గిల్ 1904లో కాలం చేశారు. కుమారుడు జాన్ హయాంలో కంపెనీ 1905 నుంచి పర్షియాలో డబ్బు కుమ్మరించింది. 1908 మే 26న అక్కడ నూనె పడింది. మరుసటి ఏడు పుట్టిన ఆంగ్లో పర్షియన్ కంపెనీయే నేటి బి.పి.

ఇక మనవాళ్ళ సంగతి. రంగం దగ్గర సిరియంలో కంపెనీవారి శుద్ధి కర్మాగారం ఉండేది. అందులో పనివారు ఎక్కువగా భారతీయులు. వారిలో తెలుగువారూ ఉన్నారు. 1942 మార్చిలో జపాను సైన్యం వస్తున్నదని, దాని చేతికి చిక్కకుండా ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం దానిని ధ్వంసం చేశారు. లక్షలాది భారతీయులు బర్మా విడిచిపెట్టారు. చాలామంది అడవుల వెంట, కొండల వెంట కాలినడకన వచ్చారు. దారిలో పోయినవారి లెక్క సరిగా తేలనేలేదు.

కంపెనీ మాత్రం నష్టపరిహారం కోసం కోర్టుకెక్కింది. 1964లో బ్రిటన్ ప్రభువుల సభ కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. 1965లో పార్లమెంటు చట్టం చేసి, పాత తేదీకి వర్తింపజేసి ఆ తీర్పును వమ్ము చేసింది. ఇచ్చిన చెయ్యే పుచ్చుకున్నదన్నమాట. 1928లో షెల్‌తో కలిసి మన దేశంలో పెట్టిన బర్మా షెల్‌ను 1976లో మన ప్రభుత్వం తీసుకున్నది. అదే నేటి భారత్ పెట్రోలియం. చివరకు 2000లో కార్గిల్ దొర కంపెనీని బి.పి. కొనేసింది. తల్లిని బిడ్డ కొన్నట్టు!

కంపెనీ కథకు పుస్తకాలున్నాయి, కోర్టు తీర్పులున్నాయి. సిరియంలో పనిచేసిన మనవాళ్ళకు అవేవీ లేవు. సభ్యుల ఇళ్ళలో రంగం వెళ్ళి వచ్చిన పెద్దల ఉత్తరాలు, జీతపు చీటీలు, ఓడ టిక్కెట్లు ఏవైనా మిగిలి ఉంటే, వాటి నకళ్ళు సంఘ కార్యాలయానికి పంపగలరు.