అడగని ప్రశ్న

1945 జూలై 24. సాయంత్రం ఐదు దాటింది. మనం బెర్లిన్ పొలిమేర దాటి పాట్స్‌డామ్‌కు వచ్చాం. చెట్ల మధ్య, సరస్సు ఒడ్డున, సిసీలియన్‌హాఫ్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ యువరాజు కోసం కట్టిన భవనం, 176 గదులు. కాపలా సైనికులను దాటుకుని ముంగిట్లోకి వస్తే ఎదురుగా ఎర్రటి పూలమడి, ఐదు కోణాల నక్షత్రం ఆకారంలో. నాటించింది సోవియట్లు. ఇక్కడ ఆతిథ్యం ఎవరిదో వచ్చినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

లోపలికి రండి. ఎత్తయిన హాలు, పెద్ద కిటికీ, దాని అవతల నీళ్లు. మధ్యలో గుండ్రటి బల్ల, మూడు మీటర్ల వెడల్పు, మీద ఎర్రటి గుడ్డ. మాస్కోలో చేయించి తెచ్చారు. గుండ్రటి బల్లకు ముందూ వెనకా ఉండవు కాబట్టి పెద్దపీట ఎవరిదన్న పేచీ లేదు. ఓడిన జర్మనీ సంగతి తేల్చడానికి వచ్చిన అమెరికా, బ్రిటన్, సోవియట్ నాయకులు ముగ్గురూ మూడు వేర్వేరు తలుపుల్లోంచి వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరి పక్కన నలుగురు, వాళ్ల వెనక కాగితాలు పట్టుకుని ఇంకొందరు. గది నిండా చుట్ట పొగ, సిగరెట్ పొగ.

అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ను చూడండి. గద్దె మీదికి వచ్చి మూడు నెలలు దాటింది, అంతే. ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ చనిపోయేదాకా, ఉపాధ్యక్షుడిగా ఉండి కూడా, అణుబాంబు సంగతి ఆయనకు ఎవరూ వివరంగా చెప్పలేదు. చెప్పింది ఏప్రిల్ 25న, యుద్ధమంత్రి స్టిమ్సన్. ఇటు బ్రిటన్ ప్రధాని చర్చిల్. ఇంగ్లండులో ఓట్లు పడిపోయాయి, ఫలితాలు ఎల్లుండి. తాను ఓడిపోతున్నాడని ఆయనకు ఇంకా తెలియదు. ఎదురుగా సోవియట్ నేత స్టాలిన్, లేత రంగు సైనిక దుస్తుల్లో. మాట తక్కువ, గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఈ సమావేశాల రోజుల్లోనే అమెరికా రాయబారి హారిమన్, బెర్లిన్ దాకా వచ్చినందుకు సంతోషంగా ఉండి ఉంటుందని ఆయనతో మర్యాదగా అన్నాడు. జార్ అలెగ్జాండర్ పారిస్ దాకా వెళ్లాడు, అన్నాడు స్టాలిన్. ఆ ఒక్క మాట హారిమన్ మరిచిపోలేదు. కానీ మాట వెనక మనిషిని మాత్రమే చూస్తే అన్యాయం అవుతుంది. ఆయన దేశంలో 1,710 పట్టణాలు, 70,000 ఊళ్లు నేలమట్టమయ్యాయని సోవియట్ ప్రభుత్వమే లెక్క కట్టింది. పోయిన ప్రాణాలు రెండు కోట్ల డెబ్బై లక్షలని తర్వాతి కాలంలో తేలింది. మళ్లీ ఎవరూ పడమటి నుంచి దండెత్తి రాకుండా పొరుగు దేశాలు తన గుప్పిట్లో ఉండాలన్న పట్టుదల ఆ బూడిదలోంచి వచ్చింది. ఆ గుప్పిట్లో నలిగిపోబోయే పోలండు, రుమేనియా, బల్గేరియా ప్రజలకు మాత్రం ఈ గదిలో కుర్చీ లేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇప్పుడు వాదన వాళ్ల గురించే. ఎర్ర సైన్యం నీడలో ఏర్పడిన రుమేనియా, బల్గేరియా ప్రభుత్వాలను గుర్తించమని స్టాలిన్ అడుగుతున్నాడు. సరైన పునాది మీద మళ్లీ ఏర్పరచేదాకా గుర్తించనని ట్రూమన్. బుఖారెస్టులో తమ ప్రతినిధుల చుట్టూ ఇనుప కంచె దిగిందని చర్చిల్ గొంతు పెంచాడు. అన్నీ కట్టుకథలు, అన్నాడు స్టాలిన్. దుబాసీలు ఒకరి తర్వాత ఒకరు గొంతు సవరించుకుంటున్నారు. చర్చిల్ ఇనుప తెర అన్న మాటను 1946 మార్చిలో అమెరికాలోని ఫుల్టన్‌లో పుట్టించాడని అనుకుంటాం. ట్రూమన్‌కు పంపిన తంతిలో 1945 మేలోనే వాడాడు. ఐరోపాలో యుద్ధం ముగిసిన వారంలోనే.

ట్రూమన్ గొంతులో ఈ బిగువు మొదట్లో లేదు. స్టాలిన్ రావడం ఆలస్యమైందని 16వ తేదీన ఆయన బెర్లిన్ చూడ్డానికి వెళ్లాడు. కూలిన గోడల మధ్య, మూటలు మోసుకుంటూ ఎటు పోతున్నారో తెలియని ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. అదే రోజు తెల్లవారుజామున న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పేలింది. ఆ సాయంత్రం, రోగికి చికిత్స బాగా జరిగిందన్నట్టు సంకేత భాషలో రాసిన తంతి స్టిమ్సన్ చేతికి వచ్చింది. 21న పూర్తి నివేదిక చదివి వినిపించారు. ఆ తర్వాతి సమావేశాల్లో ట్రూమన్ వేరే మనిషిలా ఉన్నాడని చర్చిల్ గమనించాడు. కారణం తర్వాత తెలిసింది.

ఏడున్నర కావస్తోంది. సమావేశం ముగిసింది. కుర్చీలు జరుగుతున్నాయి, అందరూ లేచి కార్ల కోసం చూస్తున్నారు. ట్రూమన్ తన దుబాసీ బోలెన్‌ను వెంట తీసుకోలేదు. బల్ల చుట్టూ ఒక్కడే నడిచి స్టాలిన్ దగ్గరికి వెళ్లాడు. పక్కన స్టాలిన్ దుబాసీ పావ్లోవ్ ఒక్కడే. చర్చిల్ కొద్ది గజాల దూరంలో నిలబడి స్టాలిన్ ముఖాన్నే చూస్తున్నాడు. ఏం చెప్పబోతున్నారో ఆయనకు ముందే తెలుసు. మాట మధ్యలో మాటగా, అసాధారణ విధ్వంస శక్తి గల కొత్త ఆయుధం మా దగ్గర ఉంది, అన్నాడు ట్రూమన్. అణువు అన్న మాట నోట రాలేదు. స్టాలిన్ ముఖంలో మార్పు లేదు. సంతోషం, జపానీయుల మీద బాగా వాడతారనుకుంటాను, అన్నాడని ట్రూమన్ తర్వాత రాసుకున్నాడు. ఒక నిమిషం. అయిపోయింది.

బయట కార్లు వస్తున్నాయి. ఎలా జరిగింది, అని చర్చిల్ అడిగాడు. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, అన్నాడు ట్రూమన్. స్టాలిన్‌కు విషయం అర్థం కాలేదని ఇద్దరూ నమ్మారు.

ఇప్పుడు మరో కారు వెంట వెళదాం. సోవియట్ విడిదిలో స్టాలిన్ ఆ సంభాషణ తన విదేశాంగ మంత్రి మొలొటోవ్‌కు చెప్పాడు. వాళ్లు బేరం పెంచుతున్నారు, అన్నాడు మొలొటోవ్. కుర్చాతోవ్‌తో మాట్లాడి పని తొందర చేయించాలి, అన్నాడు స్టాలిన్. విన్న మార్షల్ జుకోవ్ తన జ్ఞాపకాల్లో రాశాడు. కుర్చాతోవ్ సోవియట్ అణు పరిశోధనకు పెద్ద. 1943 నుంచి ఆ పనిలోనే ఉన్నాడు. అమెరికా ప్రయోగశాలలోనే పనిచేస్తున్న క్లాస్ ఫుక్స్, ప్లుటోనియం బాంబు వివరాలను జూన్ నెలలోనే సోవియట్ గూఢచారికి అందించాడు. అంటే ఆ గదిలో ఒకరు సగం చెప్పారు, రెండోవారు మిగతా సగం తెలిసే మౌనంగా ఉన్నారు. ట్రూమన్ పూర్తిగా చెప్పి ఉంటే, స్టాలిన్ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అంతా సర్దుకుపోయేదని నేను అనను. కానీ దాదాపు నాలుగేళ్లు కలిసి యుద్ధం చేసినవాళ్లు ఆ సాయంత్రం ఒకరినొకరు నమ్మే అవకాశాన్ని వదులుకున్నారు. దాని ఖరీదు కట్టింది వాళ్లు కాదు.

డబ్బు లెక్కలోనూ అదే అపనమ్మకం. జర్మనీ నుంచి 2,000 కోట్ల డాలర్ల పరిహారం, అందులో సగం తమకు అని సోవియట్ల కోరిక. రష్యన్లు యంత్రాలు ఊడదీసుకుపోతుంటే జర్మన్ల తిండి ఖర్చు తాము భరించాల్సి వస్తుందని అమెరికా భయం. చివరికి ఎవరి ఆక్రమణ ప్రాంతం నుంచి వాళ్లు తీసుకునేట్టు ఒప్పుకున్నారు. పడమటి ప్రాంతాల్లో అవసరానికి మించిన యంత్రాల్లో పది శాతం ఊరికే, పదిహేను శాతం తిండిగింజలు, బొగ్గు వంటివాటికి బదులుగా సోవియట్లకు. జర్మనీని ఒకే ఆర్థిక వ్యవస్థగా చూస్తామని అదే ఒప్పందంలో రాసుకున్నారు. నా లెక్కలో దేశం చీలింది ఈ శాతాల దగ్గరే. బెర్లిన్ గోడ తర్వాత వచ్చింది.

ఆగస్టు 2, అర్ధరాత్రి దాటాక చివరి సమావేశం ముగిసింది. చర్చిల్ కుర్చీలో ఇప్పుడు ఎన్నికల్లో గెలిచిన అట్లీ. మళ్లీ వాషింగ్టన్‌లో కలుద్దామని ట్రూమన్ ఆశించాడు. దేవుడి దయ ఉంటే, అన్నాడు స్టాలిన్. వాళ్లిద్దరూ మళ్లీ కలవలేదు. నాలుగు రోజులకు హిరోషిమా. ఆగస్టు 20న బాంబు పని కోసం స్టాలిన్ తన రహస్య పోలీసుల అధిపతి బేరియా కింద ప్రత్యేక సంఘం వేశాడు. సెప్టెంబరులో విదేశాంగ మంత్రులు లండన్‌లో కూర్చున్నారు. జేబులో అణుబాంబు ఉందా, అని మొలొటోవ్ అమెరికా మంత్రి బర్న్స్‌ను అడిగాడు. దక్షిణాది వాళ్లం, ఫిరంగులు జేబులోనే పెట్టుకు తిరుగుతాం, నాన్చడం ఆపకపోతే తీసి వేసేస్తాను, అన్నాడు బర్న్స్. మొలొటోవ్ నవ్వాడు. అక్టోబరు 2న, ఉమ్మడి ప్రకటన కూడా లేకుండా, ఆ సమావేశం ముగిసింది.