గర్భానికి ముందే కోర్టు ఉత్తర్వు: గంజాం తెలుగు దంపతులు, సరోగసీ చట్టం

2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసును సరోగసీ చట్టం అధ్యయనం చేసేవారు పక్కన పెట్టలేరు. పోలీసుల కథనం ప్రకారం ఒక సంతాన సాఫల్య కేంద్రం ఒక జంట దగ్గర రూ.30 లక్షలకు పైగా తీసుకుని, విశాఖపట్నంలో సరోగేట్ తల్లి కన్నదంటూ ఒక శిశువును అప్పగించింది. డీఎన్‌ఏ పరీక్షలో ఆ బిడ్డ వారి బిడ్డ కాదని తేలింది.

2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన సరోగసీ (నియంత్రణ) చట్టం, 2021 ఇలాంటి మోసానికి ముందే అడ్డుకట్ట వేసింది. సెక్షన్ 4 ప్రకారం పుట్టబోయే బిడ్డ ఎవరి సంతానమో, ఎవరి సంరక్షణలో ఉండాలో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు ముందే ఉత్తర్వు ఇవ్వాలి. అందుకు దంపతులూ సరోగేట్ తల్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఆ ఉత్తర్వే తర్వాత బిడ్డకు జన్మ అఫిడవిట్ అవుతుంది. అంటే గర్భం మోసే స్త్రీ ఎవరో దంపతులకు తెలియకుండా చట్టబద్ధమైన సరోగసీ జరగడం దాదాపు అసాధ్యం. "కోర్టు పని మేం చూసుకుంటాం" అని క్లినిక్ చెప్పిన చోటే అనుమానించాలి.

ఒడిశాలోని గంజాం జిల్లా అస్కా, బరంపురం తెలుగువారికి ఈ హెచ్చరిక మరింత అవసరం. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రం మారినా చాలా కుటుంబాలకు చుట్టరికాలూ, పెద్ద వైద్యమూ విశాఖ వైపే. వైద్య అవసరాన్ని ధ్రువీకరించేది జిల్లా మెడికల్ బోర్డు. విశాఖ క్లినిక్ నమోదును చూసేది ఆంధ్రప్రదేశ్ అధికారులు. రెండు రాష్ట్రాలకు చెందినవారు ఏ ఊరి కోర్టుకు వెళ్ళాలో సెక్షన్ 4 విడమరచి చెప్పదు. దళారులు చొరబడేది ఈ సందులోనే.

అర్హతలు కఠినమే. భార్యకు 23–50, భర్తకు 26–55 ఏళ్ళ మధ్య వయసుండాలి. చట్టం రాకముందే పిండాలు భద్రపరిచి ప్రక్రియ మొదలుపెట్టిన జంటలకు ఈ పరిమితి వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తీర్పిచ్చింది. బీజకణాలు రెండూ దంపతులవే కావాలన్న 2023 నిబంధనను కేంద్రం 2024 ఫిబ్రవరిలో సడలించింది. బోర్డు ధ్రువీకరిస్తే ఒకటి దాత నుంచి తీసుకోవచ్చు. వైద్య ఖర్చులు, 36 నెలల బీమా, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు తప్ప సరోగేట్ తల్లికి ప్రతిఫలం ఇవ్వకూడదు. వాణిజ్య సరోగసీ కోరిన దంపతులకూ జైలుశిక్ష ఉంది. బిడ్డ పుట్టాక సెక్షన్ 8 ఆ బిడ్డకు సొంత సంతానానికున్న హక్కులన్నీ ఇస్తుంది. సరోగసీతో తల్లి అయిన ఉద్యోగినికీ ప్రసూతి సెలవు హక్కేనని ఒరిస్సా హైకోర్టు 2024లో ఒక రాష్ట్ర ప్రభుత్వ అధికారిణి కేసులో తేల్చింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది సెక్షన్ 6. సరోగేట్ తల్లికి ప్రక్రియ దుష్ప్రభావాలన్నీ వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని అది శాసిస్తుంది. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టేలోగా ఆ సమ్మతిని ఆమె వెనక్కి తీసుకోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివిన గంజాం స్త్రీకి ఇంగ్లీషు ఫారం మీద సంతకం సమ్మతి కాదు. విశాఖలో ఇచ్చే తెలుగు ఫారమూ ఆమె చదవలేకపోవచ్చు. ఆమె ఏ లిపి చదవగలదో దంపతులే ముందుగా అడిగి, ఆ లిపిలో ఫారం ప్రతిని తయారు చేయించాలి. చదవలేని స్త్రీ అయితే ఆమె భాషలో చదివి వినిపించాలి. ప్రశ్నలు అడగడానికి ఆమెకు వ్యవధి ఇచ్చాకే కోర్టు దరఖాస్తు మీద సంతకం అడగాలి.