ఉపవాసము, జాగరణ, లిథియం: బైపోలార్ రుగ్మత చరిత్ర నుండి కాపరులకు ఒక పాఠము

బైపోలార్ రుగ్మత అనగా మనస్సు కొంతకాలము అదుపు తప్పిన ఉత్సాహములో, కొంతకాలము లోతైన కృంగుదలలో ఉండే వ్యాధి. 1899లో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఈ రెండు స్థితులను ఒకే వ్యాధి క్రింద చేర్చాడు. ఈ వ్యాధికి వాడే లిథియం అను మందు చరిత్రలో బాన్సువాడ వంటి ప్రాంతములలో సేవ చేయు కాపరులకు ఒక హెచ్చరిక ఉన్నదని ఈ వ్యాసములో చూపగోరుచున్నాము.

ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద స్థితిలోని పదిమందికి లిథియం ఇచ్చి, ఫలితములను 1949లో ప్రకటించాడు. వారిలో మొదటివాడు ఐదేండ్లుగా ఆ స్థితిలోనే ఉన్న 51 ఏండ్ల వ్యక్తి. 1948 మార్చిలో మందు మొదలైంది. జులైలో ఇంటికి వెళ్లి పాత ఉద్యోగములో చేరాడు. బాగయ్యానను ధీమాతో మందు మానివేశాడు. 1949 జనవరిలో మరల ఆసుపత్రికి తీసుకొనిరావలసి వచ్చింది. తిరిగి మందు ఇచ్చారు. 1950లో శరీరములో లిథియం మితిమీరి మరణించాడు. రక్తపరీక్షతో మోతాదును సరిచూచు పద్ధతి 1950ల నుండి స్థిరపడింది.

ఈ ఒక్క జీవితములో రెండు ప్రమాదములు ఉన్నవి: మందు మానుట, మందు మితిమీరుట. మన సంఘములలో ఈ రెండింటికీ తెలియకనే తలుపు తీయుచున్నాము.

మంజీర పరీవాహకములోని బాన్సువాడ వరి పండించు ప్రాంతము. శ్రమల దినములు ముగింపుకు వచ్చుసరికి ఎండలు ముదురుతాయి. పగలు పొలములో చెమటోడ్చి, నీరు కూడ ముట్టక ఉపవాసమున్న విశ్వాసి శరీరములో నీరు, ఉప్పు తగ్గుతాయి. అప్పుడు మూత్రపిండములు లిథియంను బయటకు పంపక నిలిపివేస్తాయి. వాంతులు, చేతుల వణుకు, తూలుట, మత్తు కనబడితే అది దయ్యపు పీడన కాదు, విషప్రభావము కావచ్చును. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. రాత్రంతా ప్రార్థనలో నిద్ర మానుట ఉన్మాదమును రేపగలదు. అట్టివారిని నీరులేని ఉపవాసము నుండి, జాగరణ నుండి మినహాయించుట విశ్వాసహీనత కాదు.

ఈ వ్యాధిలో తొందరపాటు కూడ ఒక లక్షణమే. ఉద్యోగము విడిచి సేవకు వస్తానని, పొలమమ్మి మందిరము కట్టిస్తానని ఒకడు అకస్మాత్తుగా మ్రొక్కుకొనవచ్చును. కాపరి ఆ కానుకను ఆ పూటనే పుచ్చుకొనక, కొన్ని వారములు ఆగి, కుటుంబముతో మాట్లాడవలెను. వేళకు నిద్ర, డబ్బు వ్యవహారము ఇంటివారితో కలిసి చూచుకొనుట, తొలి సూచనలను గుర్తించుట దినచర్యను నిలుపుతాయి. తనకు ఎట్టి చికిత్స కావలెనో స్వస్థతలో ఉన్నప్పుడే వ్రాసియుంచు హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కల్పించింది.

2015–16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ సర్వే ప్రకారము ఈ వ్యాధిగలవారిలో సుమారు 70 శాతము మందికి చికిత్స అందుటలేదు. చికిత్స దొరికిన కొద్దిమంది చేత మందు మాన్పించుట మన పరిచర్య కాకూడదు. చావగోరిన ఏలీయాకు దూత మొదట ఇచ్చినది రొట్టె, నీళ్లు. రెండుమార్లు అతడు నిద్రించెను. గద్దింపు లేదు. స్వస్థత సాక్ష్యములు చెప్పించు వేదికపై, మాత్ర వేసికొని పనికి వెళ్లుచున్న విశ్వాసి సాక్ష్యమునకు కూడ చోటివ్వవలెను. సహాయము ఎక్కడ దొరుకునో తెలియనివారికి టెలీ మానస్ సంఖ్య 14416ను మందిరపు ప్రకటన పలకపై వ్రాసియుంచుట ఈ ఆదివారమే చేయదగిన పని.