పరీక్ష ఫలితం ఎవరికి చెప్పాలి? 1857 నుంచి విద్యాహక్కు చట్టం దాకా

జీఎస్-1 ఆధునిక చరిత్రనీ జీఎస్-2 విద్యా విధానాన్నీ ఒకే దారంతో కట్టగలిగే అంశం ఇది. మార్చి నెల, ఒంటిపూట బడులు, హాల్ టికెట్లు, బడి నుంచి ఇంటికి వచ్చే సందేశాలు అన్నీ మనకు మామూలు విషయాలే. వాటి వెనుక ఉన్న చరిత్రను మాత్రం కోచింగ్ నోట్సుల్లో ముక్కలు ముక్కలుగా చదువుతాం. ముందు ఒక సంఘటన చూడండి.

2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం రాష్ట్ర సిలబస్ బడుల్లో 5, 8, 9 తరగతులకు బోర్డు తరహా పరీక్షలు పెట్టబోయింది. 11వ తరగతి కూడా ఆ జాబితాలో ఉంది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్య సంఘాలు కోర్టుకెళ్లాయి. మార్చి 6న హైకోర్టు సింగిల్ జడ్జి పరీక్షల నోటిఫికేషన్లను కొట్టేశారు. మర్నాడే డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది. 11న పరీక్షలు మొదలయ్యాయి. 12న సుప్రీంకోర్టు అడ్డుపడింది. 22న డివిజన్ బెంచ్ మళ్లీ పచ్చజెండా ఊపింది. 25 నుంచి 28 వరకు మిగిలిన పేపర్లు రాయించారు. ఏప్రిల్ 8న ఫలితాలు వెలువడుతున్న రోజే సుప్రీంకోర్టు మరోసారి స్టే ఇచ్చింది. ప్రకటించిన ఫలితాలను ఏ అవసరానికీ లెక్కలోకి తీసుకోవద్దని, తల్లిదండ్రులకు తెలియజేయవద్దని చెప్పింది.

ఈ చివరి మాట దగ్గర ఆగండి. అయిదో తరగతి పిల్లవాడి మార్కులు వాళ్లమ్మకు చెప్పొద్దని దేశ అత్యున్నత న్యాయస్థానం ఆదేశించాల్సి వచ్చింది. వినడానికి వింతగా ఉన్నా, వివాదం మొత్తం విద్యాహక్కు చట్టం చుట్టూనే తిరిగింది. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడూ బోర్డు పరీక్ష పాసవ్వాల్సిన అవసరం లేదని సెక్షన్ 30(1) అంటుంది. అదే చట్టంలో సెక్షన్ 24(1)(ఇ) కూడా ఉంది. టీచరు క్రమం తప్పకుండా తల్లిదండ్రులతో సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకోవడంలో సాధించిన ప్రగతి గురించి చెప్పి తీరాలి. అంటే ఒక రకం సమాచారానికి చట్టం హద్దు గీసింది, ఇంకో రకాన్ని విధిగా చెప్పమంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో అర్థం కావాలంటే 1857కి వెళ్లాలి.

వుడ్స్ డిస్పాచ్ (1854) అనగానే మనం 'మాగ్నా కార్టా' అని రాసేసి ముందుకెళ్లిపోతాం. దాంట్లో పరీక్షకు సంబంధించిన అసలు సంగతి వేరే ఉంది. కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో రావాల్సిన విశ్వవిద్యాలయాలకు అది లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా చూపింది. అంటే పాఠం చెప్పే సంస్థలు కావు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే సంస్థలు. 1857 జనవరిలో కలకత్తా విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. మార్చిలో, అంటే మీరట్‌లో తిరుగుబాటు మొదలవడానికి రెండు నెలల ముందు, మొదటి ప్రవేశ పరీక్షకు 244 మంది కూర్చున్నారు. మరుసటి ఏడాది బి.ఏ. పరీక్షలో గట్టెక్కింది ఇద్దరు: బంకించంద్ర ఛటర్జీ, జదునాథ్ బోస్. వాళ్లకూ గ్రేస్ మార్కులు కలపాల్సి వచ్చింది. (ప్రిలిమ్స్ కోసం ఇది గుర్తుపెట్టుకోండి. మనసుకు ధైర్యం కోసం కూడా.)

ఆ ఫలితం ఎవరి కోసం? 1844లోనే హార్డింజ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకు ప్రాధాన్యం ప్రకటించాడు. కాబట్టి ఫలితానికి మొదటి పాఠకుడు ప్రభుత్వ కార్యాలయం. పరీక్షల ఫలితాలు ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయ్యేవి. కుటుంబానికి అందులోంచి తెలిసేది పేరు ఉందా లేదా అన్న ఒక్కటే. పిల్లవాడికి ఏం వచ్చు, ఏం రాదు అన్న ప్రశ్నకు గెజెట్‌లో చోటు లేదు.

పరీక్ష అంటే మార్చి అన్నదీ అనాదిగా ఉన్న ఆచారం కాదు. రామానుజన్ మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పాసైంది 1903 డిసెంబరులో.

ఇక ప్రాథమిక బడులకు వద్దాం. చాలామంది వదిలేసే భాగం ఇదే, నా దృష్టిలో అసలు విషయమూ ఇదే. ఇంగ్లండ్‌లో రాబర్ట్ లో 1862లో 'ఫలితాలను బట్టి చెల్లింపు' పద్ధతి తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు బడికి వస్తాడు. ఒక్కో పిల్లవాణ్ణీ చదవమంటాడు, రాయమంటాడు, లెక్క చేయమంటాడు. ఎంతమంది పాసైతే బడికి అంత గ్రాంటు. ఆ దశాబ్దంలోనే ఈ పద్ధతి మన ప్రెసిడెన్సీలకూ దిగుమతి అయింది. ఇప్పుడు బడి యజమాని స్థానంలో కూర్చుని ఆలోచించండి. తెలివైన పిల్లవాడు ఆదాయం. తప్పే పిల్లవాడు నష్టం. ఆ పిల్లవాడు ఎందుకు తప్పాడో అతని తండ్రికి చెప్పడం వల్ల బడికి పైసా రాదు.

1882లో హంటర్ కమిషన్ ఈ పద్ధతిని ఉన్నత, మాధ్యమిక స్థాయుల్లో వద్దని, ప్రాథమిక బడులకు మాత్రం పనికొస్తుందని చెప్పింది. అదే కమిషన్‌కు అదే ఏడాది అక్టోబరులో జోతిరావు ఫూలే ఒక విజ్ఞాపన ఇచ్చాడు. రైతు కట్టిన శిస్తు పై వర్గాల చదువులకు పోతోందన్న ఆయన వాదన మనందరికీ తెలుసు. పన్నెండేళ్ల వయసు దాకానైనా ప్రాథమిక విద్య నిర్బంధం కావాలని అడగడమూ తెలుసు. తక్కువమంది గమనించే సంగతి ఇంకోటుంది. ఫలితాలను బట్టి డబ్బిచ్చే పద్ధతి, చదువు మీద ఇంకా ఆసక్తే పుట్టని పేద జనానికి సరిపడదని ఆయన రాశాడు. అలాంటిచోట ఆ గ్రాంటును నమ్ముకుని ఏ పంతులూ బడి పెట్టడని, పెడితే బతకలేడని, ప్రభుత్వ బడులూ ప్రత్యేక ప్రోత్సాహకాలూ ఉండాల్సిందేనని చెప్పాడు. విధాన పత్రాల భాష తీసేస్తే ఫూలే చెప్పింది ఇది: మీ పరీక్ష బడిని కొలుస్తోంది గానీ, ఆ ఇంటిని బడి దాకా తీసుకురావడం లేదు. నూట నలభై ఏళ్ల తర్వాత కూడా మెయిన్స్ జవాబులో వాడుకోదగిన వాదన ఇది. వాడండి.

నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఇలా అనిపిస్తుందేమో. ఫ్యాక్టరీలో రెండు రకాల తనిఖీలుంటాయి. ఒకటి సరుకు గేటు దాటేముందు చేసేది: మంచిది ఇటు, చెడ్డది అటు. ఇంకోటి యంత్రం నడుస్తుండగా చేసేది: తేడా కనిపిస్తే అక్కడికక్కడే సరిచేయడానికి. మనకు వలస పాలన ఇచ్చిపోయింది మొదటి రకం. విద్యాహక్కు చట్టం రాసుకుంది రెండో రకం. కర్ణాటక గొడవ ఈ రెండూ ఎదురుపడ్డ చోటు.

కర్జన్ 1904 విద్యా తీర్మానం ఫలితాల గ్రాంటు పద్ధతికి స్వస్తి చెప్పింది, పరీక్షల పెత్తనాన్ని కూడా తప్పుపట్టింది. విశ్వవిద్యాలయాల చట్టం కారణంగా కర్జన్‌ను ఒకే రంగులో చూసే అలవాటున్నవాళ్లు ఈ తీర్మానాన్ని మర్చిపోతారు. మద్రాసు ప్రెసిడెన్సీ 1911లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ తెచ్చింది. పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు తరగతిలో వచ్చిన మార్కులనూ ఒకే పుస్తకంలో నమోదు చేయాలన్నది దాని వెనకున్న ఆలోచన. మన తాతల పెట్టెల్లో ఆ పుస్తకం కనిపిస్తే ఒకసారి తిరగేయండి. హార్టాగ్ కమిటీ (1929) లెక్క మరీ చేదుగా ఉంటుంది: 1922-23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి 100 మందిలో 1925-26 నాటికి నాలుగో తరగతిలో మిగిలింది 18 మంది. మిగతా 82 మంది ఇళ్లకు బడి నుంచి ఏ కబురు వెళ్లిందో ఏ నివేదికలోనూ ఉండదు.

స్వాతంత్ర్యం తర్వాతి కమిషన్లను వేగంగా చూద్దాం. ఒకే ఒక్క సంస్కరణ ఎంచుకోమంటే పరీక్షలనే ఎంచుకుంటామని రాధాకృష్ణన్ కమిషన్ (1948-49) చెప్పింది. ప్రతి పిల్లవాడికీ ఏళ్ల తరబడి కొనసాగే రికార్డు ఉండాలని మొదలియార్ కమిషన్ (1952-53) కోరింది. కొఠారి (1964-66) అంతర్గత మూల్యాంకనం గురించి మాట్లాడింది. యశ్‌పాల్ కమిటీ (1993) బరువు లేని చదువు అంది. వీటిలో ఏదీ పరీక్షను కదిలించలేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కింది తరగతుల్లో డిటెన్షన్ ఎత్తేశాక కూడా ఏడో తరగతి పరీక్ష చాలాకాలం ఉంది. మన అమ్మానాన్నల తరాన్ని అడిగితే 'ఏడు తప్పాడు' అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అది పిల్లవాడికి ఏం రాదో చెప్పే మాట కాదు, వాడెవడో తేల్చేసే మాట.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఫెయిల్ చేయకూడదన్న సెక్షన్ 16ని అందరూ పట్టుకున్నారు. నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమన్న సెక్షన్ 29ని సగమే పట్టుకున్నారు. తల్లిదండ్రులకు చెప్పమన్న సెక్షన్ 24ని దాదాపు వదిలేశారు. నాకైతే పథకం దెబ్బతిన్నది ఇక్కడే అనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు వచ్చాయి. కార్డు మీద మార్కుల బదులు ఏ1, బీ2 వచ్చాయి. మా అమ్మ కార్డులో ముందు ర్యాంకు గడి చూసేది, తర్వాత నా మొహం చూసేది. ర్యాంకు గడి పోయి బీ2 వస్తే ఆ తల్లికి కొత్తగా ఏం తెలిసినట్టు? భిన్నాలు రావడం లేదనో, పేరా చదివి అర్థం చేసుకోలేకపోతున్నాడనో ఎవరైనా నోటితో చెప్పాలి. చెప్పలేదు. దాంతో 'పరీక్షలు లేవు కాబట్టి చదువు లేదు' అన్న మాట ఊళ్లలో పాతుకుపోయింది. 2019 సవరణకు బలమిచ్చిన ప్రజాభిప్రాయం అదే. ఆ సవరణ 5, 8 తరగతుల్లో వార్షిక పరీక్షలకు, తప్పితే రెండు నెలల్లోపు మరో అవకాశానికి, అప్పటికీ తప్పితే ఆపేయడానికి దారి తెరిచింది. ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఆయా ప్రభుత్వాలది. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని బడులకు నిబంధనలు ఇచ్చింది. అందులో ఒక వాక్యాన్ని అండర్‌లైన్ చేసుకోండి: ఆపేసిన పిల్లవాడికే కాదు, అవసరమైతే తల్లిదండ్రులకూ క్లాస్ టీచరు మార్గదర్శనం చేయాలి.

ఈ విషయంలో మనం ఒంటరివాళ్లమేమీ కాదు. బంగ్లాదేశ్ 2009లో అయిదో తరగతి చివర దేశవ్యాప్త పరీక్ష మొదలుపెట్టింది. పదేళ్లు నడిపింది. 2019 తర్వాత ఆ రూపంలో మళ్లీ జరపలేదు. శ్రీలంకలో కన్నంగర ఉచిత విద్యా సంస్కరణల కాలంలో వేళ్లూనుకున్న అయిదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్ష పల్లె పిల్లలకు మంచి బడి తలుపు తెరవడానికి వచ్చింది. ఈరోజు అదే పదేళ్ల పిల్లల ట్యూషన్లకు కారణమైంది.

ఇక ఫలితం తప్పుగా చెబితే ఏమవుతుందో మనకు ఇంకా గుర్తుంది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఒక విద్యార్థినికి తెలుగులో 0 అని వచ్చింది. తర్వాత చూస్తే ఆమెకు వచ్చినవి 99. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ప్రతి మరణానికీ తప్పు మార్కులే కారణమని జవాబులో రాయకండి, అది న్యాయం కాదు. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ లోపాలున్నాయని తేల్చింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. అలా 1,137 మంది పాసయ్యారు. దిద్దిన పేపరును విద్యార్థి చూసుకోవచ్చని, అది సమాచార హక్కు కిందికి వస్తుందని సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో 2011లోనే చెప్పింది. ఎనిమిదేళ్ల తర్వాత కూడా 1,137 ఇళ్లకు మొదట వెళ్లింది ఒక అంకె మాత్రమే.

చేరవేసే మార్గాలు మాత్రం ఎంతో మారాయి. గెజెట్ పోయి దినపత్రికలో నంబర్ల పేజీ వచ్చింది. తర్వాత నెట్ సెంటర్ ముందు క్యూ, ఎస్సెమ్మెస్. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు 'మన మిత్ర' వాట్సాప్‌లోనే వచ్చాయి. అంతకు ముందు 2024 డిసెంబరు 7న అదే రాష్ట్రం ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్-టీచర్ సమావేశం పెట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది గెజెట్‌కు వారసురాలు, ఎంత వేగంగా వచ్చినా. రెండోది సెక్షన్ 24(1)(ఇ)కి దగ్గరది, ఏడాదిలో ఒకటి రెండు రోజులే అయినా. జాతీయ విద్యా విధానం 2020 చెప్పిన 360 డిగ్రీల ప్రగతి పత్రం వీటిలో ఏ దారి పడుతుందన్నది రాబోయే ప్రశ్నపత్రాల్లో కనిపించే అంశమే.

ఈ వారం ప్రాక్టీస్ ప్రశ్న, 250 పదాల్లో: "భారతదేశంలో పాఠశాల పరీక్ష కుటుంబం కోసం కాక పాలన కోసం పుట్టింది. హంటర్ కమిషన్‌కు ఫూలే ఇచ్చిన విజ్ఞాపన, విద్యాహక్కు చట్టంలోని 24, 30 సెక్షన్ల వెలుగులో చర్చించండి." కర్ణాటక తేదీలన్నీ రాయనక్కర్లేదు, ఏప్రిల్ 8 ఒక్కటి చాలు.