ఆకాశం గురించి చెప్పడానికి వచ్చిన అతిథులు

ఈ సంచికలో మన గురువుల గురించి, మన బెంచీల గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నేను మాత్రం ఒక్క పూట వచ్చి మాట్లాడి వెళ్లిపోయే అతిథుల గురించి, అందులోనూ ఆకాశం గురించి చెప్పడానికి వచ్చేవాళ్ల గురించి రాస్తాను. ఆ ఉపన్యాసాలకు మంచి చరిత్ర ఉంది. అది మన పాలమూరునూ తాకింది.

1848 మార్చిలో ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ అనే ఊళ్లో జార్జ్ ఎయిరీ ఖగోళశాస్త్రం మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయన గ్రీనిచ్ అబ్జర్వేటరీ అధిపతి. ఊళ్లో కొత్తగా పెట్టిన మ్యూజియం తరఫున పిలిస్తే వచ్చాడు. నక్షత్రాలు ఎంత దూరంలో ఉన్నాయో అంకె చెప్పి ఊరుకోలేదు, ఆ దూరం ఎలా కొలిచారో చెప్పాడు. చేతిలో పట్టుకునే గజంబద్దతో మొదలుపెట్టాడు. దాంతో నేల మీద ఒక ఆధార రేఖ కొలవాలి. దాని మీద త్రిభుజాలు కట్టుకుంటూ పోతే భూమి పరిమాణం తెలుస్తుంది. భూమి కొలత తెలిస్తే దాని ఆధారంగా సూర్యుడి దూరం, సూర్యుడి దూరం తెలిస్తే దాని ఆధారంగా నక్షత్రం దూరం. ఇందులో నాబోటి సివిల్ ఇంజనీరుకు కొత్తదేమీ లేదు. మద్రాసు దగ్గర లాంబ్టన్ 1802లో సుమారు 12 కిలోమీటర్ల రేఖను గొలుసుతో కొలిచి మన దేశపు సర్వేకు పునాది వేసిందీ ఈ పద్ధతిలోనే. 'మీకెలా తెలుసు?' అని సామాన్యుడు అడగదగ్గ ప్రశ్నకు ఎయిరీ ఆరు సాయంత్రాలు జవాబు చెప్పాడు. మంచి ఉపన్యాసానికి అదే కొలబద్ద అని నా అభిప్రాయం.

ఇక మన వైపు వద్దాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి మద్రాసు అబ్జర్వేటరీ నుంచి ఒక బృందం వనపర్తికి వచ్చింది. దాని నాయకుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగ గణితం తెలిసిన కుటుంబంలో పుట్టి, దూరదర్శినితో పనిచేసిన మనిషి. ఆర్ రెటిక్యులై అనే చర నక్షత్రాన్ని కనిపెట్టింది ఆయనే. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగబోతున్నదని తెలిసి, ఆ సంగతి జనానికి చెప్పాలని పుస్తకం రాశాడు. ఇంగ్లీషులోనే కాక భారతీయ భాషల్లోనూ వేయించాడు. అది సంభాషణ రూపంలో సాగుతుంది. శాస్త్రం తెలిసినవాడు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. శుక్రుడి ఆ ప్రయాణాన్ని భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి కొలిస్తే సూర్యుడి దూరం లెక్క తేలుతుంది. అందుకోసం బ్రిటిష్ బృందాలను దూరదేశాలకు పంపే ఏర్పాట్లు చూసింది ఇప్స్‌విచ్‌లో మాట్లాడిన ఎయిరీనే.

నూటపదకొండేళ్ల తర్వాత, 1980 ఫిబ్రవరి 16న, గ్రహణపు నీడ మళ్లీ మన జిల్లా మీదుగా సాగింది. ఆ దారిలోనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీకి శాస్త్రవేత్తలు తరలివచ్చారు. అక్కడ 48 అంగుళాల దూరదర్శిని ఉంది. మా వీధిలో మాత్రం మధ్యాహ్నానికే తలుపులు పడ్డాయి, కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. పెద్దవాళ్లను తప్పుపట్టను. గ్రహణాన్ని సూటిగా చూస్తే కళ్లు దెబ్బతింటాయన్నది నిజమే. ఎలా చూస్తే దెబ్బతినవో చెప్పడానికి మా ఊరికి ఎవరూ రాలేదు. బస్సులో వెళ్లిరాగల దూరంలో అంత విజ్ఞానం పోగుపడి ఉండి కూడా మాకు అందలేదు. ఉపన్యాసం లేకపోతే ఏం పోతుందని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇది.

ఆ లోటును మన బడి ఒకసారి తీర్చింది. హేలీ తోకచుక్క వస్తున్న రోజులవి. హైదరాబాదులో బిర్లా ప్లానిటోరియం 1985లోనే తెరిచారు. మన సైన్సు సారు ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ను పిలిపించారు. మేం పదో తరగతి. ఉపన్యాసం అయ్యాక వెనక నిలబడి విన్న అటెండరు, "డెబ్బై ఆరేండ్లకు మళ్ల వస్తదని ఎట్ల తెలుసు సారూ?" అని అడిగాడు. ఆ అతిథి నవ్వలేదు. బోర్డు మీద 1531, 1607, 1682 అని రాసి మధ్య తేడాలు మాచేత తీయించారు. ఆ మూడూ ఒకే తోకచుక్క అని హేలీ పట్టుకున్నాడనీ, 1758 ప్రాంతంలో మళ్లీ వస్తుందని లెక్క కట్టాడనీ, అది చూడకుండానే 1742లో పోయాడనీ చెప్పారు. చెప్పినట్టే 1758 డిసెంబరు 25 రాత్రి అది కనిపించింది. మొదట చూసింది పాలిచ్ అనే జర్మన్ రైతు. పొలం పని చేసుకుంటూ సరదాకు ఆకాశం చూసేవాడు. 1986లో తోకచుక్క మనకు అంత గొప్పగా కనిపించలేదు గానీ, ఆ రైతు మాత్రం నాకు గుర్తుండిపోయాడు.

ఇలాంటి ఉపన్యాసాలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. కాలిఫోర్నియాలోని ఫుట్‌హిల్ కాలేజీలో 1999లో మొదలైన సిలికాన్ వ్యాలీ ఖగోళ ఉపన్యాసాలు బుధవారం సాయంత్రాల్లో, సామాన్యులకు అర్థమయ్యే భాషలో జరుగుతూ వచ్చాయి. మన పూర్వ విద్యార్థులు ఎందరో ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు.

కాబట్టి మిత్రులారా, జూబిలీ నిధిలో కొంత భాగం ఏటా ఒక ఖగోళ ఉపన్యాసానికి కేటాయించాలని నా ప్రతిపాదన. వచ్చే మనిషి ఆకాశంతో పనిచేసేవారై ఉండాలి. గంటసేపు తెలుగులో మాట్లాడాలి. అరగంట ప్రశ్నలకు ఉంచాలి. మొదటి ప్రశ్న పిల్లలదే కావాలి. శాలువాల కార్యక్రమం ఐదు నిమిషాలు దాటకూడదు. హేలీ తోకచుక్క మళ్లీ 2061లో వస్తుంది. ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్నవాళ్లకు అప్పటికి నలభై ఐదు దాటుతుంది. వాళ్ల పిల్లలు "ఎట్ల తెలుసు?" అని అడిగితే సుద్దముక్క తీసుకుని చెప్పగలిగేవాళ్లను మన బడి ఇప్పటి నుంచే తయారు చేసుకోవచ్చు.