కుందేలుకు విసర్జన శిక్షణ

ఇంటి లోపల పెరిగే కుందేలు నిర్ణీత తొట్టెలోనే మలమూత్రాలు విసర్జించేలా అలవాటు చేసే పద్ధతిని విసర్జన శిక్షణ అంటారు. పెంపుడు కుందేళ్లన్నిటికీ మూలమైన ఐరోపా కుందేలు (ఒరిక్టోలాగస్ క్యూనిక్యులస్) బొరియల్లో గుంపుగా జీవిస్తూ, తన ఆవరణను వాసనతో సూచించేందుకు కొన్ని నిర్దిష్ట స్థలాల్లో పెంటికలను కుప్పగా వేస్తుంది. ఈ సహజ ప్రవృత్తే శిక్షణకు ఆధారం. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988లో ఏర్పడిన హౌస్ రాబిట్ సొసైటీ ఈ పద్ధతికి విస్తృత ప్రచారం కల్పించింది.

కుందేలు స్వయంగా ఎంచుకున్న మూలలో తొట్టెను ఉంచి, అడుగున కాగితపు గుళికలు పరిచి, ఒక పక్క ఎండుగడ్డి పెడతారు. మేస్తూనే విసర్జించడం కుందేలు స్వభావం కావడంతో ఈ అమరిక అలవాటును త్వరగా స్థిరపరుస్తుంది. బయట పడిన పెంటికలను, మూత్రం తుడిచిన కాగితాన్ని తొట్టెలో వేస్తే వాసన ఆనవాలుగా పనిచేస్తుంది. తడిస్తే గడ్డకట్టే బంకమట్టి గుళికలను కుందేలు మింగితే పేగులు మూసుకుపోయే ప్రమాదం ఉన్నందున వాటిని వాడరు. యుక్తవయసు కుందేలు హద్దులు గుర్తించేందుకు మూత్రం చిమ్ముతుంది కనుక, సాధారణంగా 4–6 నెలల వయసులో చేసే సంతాన నిరోధక శస్త్రచికిత్స తర్వాత శిక్షణ మెరుగ్గా ఫలిస్తుంది. శిక్షణ పొందిన కుందేలు అకస్మాత్తుగా తొట్టెను మానడం మూత్రాశయ వ్యాధికి లక్షణం కావచ్చు. అప్పుడు పశువైద్య పరీక్ష అవసరం.